ఇంటి షెడ్డులో త్రీ ఫేజ్ లేత్‌కు కరెంటు: అయిదు దారులు, ఎవరికి ఏది?

విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ బాలానగర్‌లోనో మూతపడిన వర్క్‌షాపు నుంచి పాత లేత్ మిషన్ కొని ఇంటి వెనక షెడ్డులో దించుకున్నవారికి మొదటి అడ్డంకి ఇనుము దగ్గర కాదు, కరెంటు దగ్గర ఎదురవుతుంది. ఫ్యాక్టరీలో పనిచేసిన యంత్రానికి 415 వోల్టుల త్రీ ఫేజ్ మోటారు ఉంటుంది. ఇంటి మీటరు ఇచ్చేది 230 వోల్టుల సింగిల్ ఫేజ్. ఈ రెండింటినీ కలపడానికి అయిదు మార్గాలున్నాయి: వి.ఎఫ్.డి. (వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్) అని పిలిచే డ్రైవ్ పెట్టడం, ఉన్న మోటారును తీసేసి సింగిల్ ఫేజ్ మోటారు బిగించడం, కెపాసిటర్ల డబ్బాతో నెట్టుకురావడం, రోటరీ కన్వర్టర్ కట్టుకోవడం, కరెంటాఫీసులో త్రీ ఫేజ్ కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టడం. అయిదూ పనిచేసేవే. అయితే షెడ్డులో లేత్ నెలల తరబడి గుడ్డ కప్పుకొని పడి ఉండటానికి కారణం సాధారణంగా దారి చెడ్డది కావడం కాదు. మోటారు మీది పలకను చదవకముందే ఎవరో చెప్పిన వస్తువును కొనేయడం.

## కొనే ముందు చూడవలసినవి

మోటారు ఒంటికి బిగించిన ఆ చిన్న పలకలో అయిదు సంగతులు ఉంటాయి: హార్స్‌పవర్ లేదా కిలోవాట్లు, వోల్టేజీ, స్టార్ లేదా డెల్టా కనెక్షన్ (మోటారులోని మూడు వైండింగుల కొసలను కలిపే రెండు పద్ధతులు), ఆంపియర్లు, నిమిషానికి చుట్లు. వీటిలో అందరూ చూసేది హార్స్‌పవర్, ఎవరూ చూడనిది కనెక్షన్. నిర్ణయమంతా నిజానికి ఆ కనెక్షన్ మీదే ఆధారపడి ఉంటుంది.

మన దేశంలో తయారైన మోటార్లలో 2 హార్స్‌పవర్ వరకు ఉన్నవి సాధారణంగా స్టార్‌లోనూ, 3 హార్స్‌పవర్, అంతకు మించినవి సాధారణంగా డెల్టాలోనూ 415 వోల్టులకు కట్టి ఉంటాయి. స్టార్‌లో ఉన్న మోటారు ఒక్కో వైండింగుకు అందేది 415 వోల్టులు కాదు, 240 వోల్టులే. కాబట్టి టెర్మినల్ పెట్టెలో ఉన్న రాగి పలకలను మార్చి దాన్ని డెల్టాగా కడితే అదే మోటారు 240 వోల్టుల త్రీ ఫేజ్ మీద పూర్తి బలంతో తిరుగుతుంది. మధ్యలో డ్రైవ్ పెడితే ఇంటి కరెంటుకు ఇది సరిగ్గా అతుకుతుంది. ముందునుంచే డెల్టాలో ఉన్న మోటారుకు ఈ వెసులుబాటు లేదు. దాని వైండింగుకు 415 వోల్టులూ కావలసిందే. 230 వోల్టులు ఇస్తే 50 హెర్ట్జ్ దగ్గర దాని తిప్పే బలం మూడోవంతు కూడా ఉండదు. తిరగడమైతే తిరుగుతుంది, కాని టూల్ ఆనగానే ఆగిపోతుంది. డ్రైవ్ చెడిపోయిందనుకొని దాన్ని వెనక్కి పంపేవారు ఈ సంగతి తెలియనివారే.

పెట్టె మూత విప్పితే ఆరు టెర్మినళ్లు కనిపించాలి. స్టార్ మోటారుకు మూడు వైర్లు మాత్రమే బయటికి వచ్చి ఉంటే స్టార్ ముడి వైండింగు లోపలే కలిపేశారని అర్థం. అప్పుడు మోటారును వైండింగ్ షాపుకు తీసుకువెళ్లి ఆ ముడిని విడదీయించి మూడు కొత్త వైర్లు బయటికి తీయించాలి. పంపుసెట్లు కాలిపోయే ప్రతి మండల కేంద్రంలోనూ ఈ పని చేసేవారు ఉంటారు. అయితే వార్నిష్ గట్టిపడిన పాత వైండింగును కదిపినప్పుడు పూత రాలే ప్రమాదం ఉంది కనుక, మరీ పాత మోటారైతే కొత్తగా చుట్టించుకోవడమే మంచిదని ఆ మెకానిక్ అంటే అది డబ్బు గుంజే మాట అనుకోనక్కరలేదు.

పలక తరువాత తేల్చుకోవలసినవి మరి నాలుగున్నాయి. యంత్రం ఎన్నిసార్లు ఆగి, మొదలై, వెనక్కి తిరగాలన్నది మొదటిది. డ్రిల్లింగ్ మిషనుకు అది లెక్కలోకే రాదు, మరలు కోసే లేత్‌కు అదే ముఖ్యం. ఒకే యంత్రమా, రేపు మిల్లింగ్ మిషన్, గ్రైండర్ కూడా వస్తాయా అన్నది రెండోది. మీటరు నుంచి షెడ్డుదాకా వైరు ఎంత మందం, మంజూరైన లోడు ఎంత అన్నది మూడోది. పని సరదాకా, సంపాదనకా అన్నది నాలుగోది. ఈ చివరి ప్రశ్నకు మనసులోనైనా నిజం చెప్పుకోవాలి, ఎందుకంటే కరెంటు బిల్లు కేటగిరీ దాన్నిబట్టే మారుతుంది.

## వి.ఎఫ్.డి. డ్రైవ్

డ్రైవ్ సింగిల్ ఫేజ్ కరెంటును లోపలికి తీసుకొని డి.సి.గా మార్చి, దాన్నుంచి త్రీ ఫేజ్‌ను తయారుచేసి మోటారుకు ఇస్తుంది. ఫ్రీక్వెన్సీ మార్చుకోవచ్చు గనుక వేగం మన చేతిలో ఉంటుంది, మోటారు మెల్లగా ఎత్తుకుంటుంది, బటనుతో వెనక్కి తిరుగుతుంది. 2 హార్స్‌పవర్ లోపు స్టార్ మోటారున్న ఒక్క లేత్‌కు నా ఓటు దీనికే. ఇలా డెల్టాకు మార్చి 230 వోల్టుల డ్రైవ్ మీద నడపడంలో మరో లాభమూ ఉంది. లోపలి డి.సి. వోల్టేజీ సుమారు 325 వోల్టులు మాత్రమే ఉంటుంది కాబట్టి, 415 వోల్టుల డ్రైవ్ ఇచ్చే దాదాపు 590 వోల్టుల పోట్లతో పోలిస్తే పాత మోటారు ఇన్సులేషన్ మీద ఒత్తిడి తక్కువ.

ఎంపిక చేసేటప్పుడు హార్స్‌పవర్ చూసి కాక ఆంపియర్లు చూసి కొనాలి. 415 వోల్టుల స్టార్‌లో సుమారు 3.5 ఆంపియర్లు తీసుకునే 2 హార్స్‌పవర్ మోటారు, డెల్టాకు మార్చాక సుమారు 6 ఆంపియర్లు తీసుకుంటుంది. డ్రైవ్ మీద రాసి ఉన్న అవుట్‌పుట్ ఆంపియర్లు దీనికన్నా కాస్త ఎక్కువే ఉండాలి. ఇంటివైపు నుంచి అదే డ్రైవ్ పూర్తి లోడులో సుమారు 14 నుంచి 16 ఆంపియర్లు లాగుతుంది కనుక వాషింగ్ మిషన్ ప్లగ్గులో గుచ్చి నడుపుదామన్న ఆలోచన కూడదు. మీటరు బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించుకుంటే తరువాత 3 హార్స్‌పవర్‌కు మారినా పనికివస్తుంది.

ఇక్కడ జరిగే పొరపాట్లు చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని ఖరీదైనవి కూడా. లేత్‌కు పాతకాలం నుంచి ఉన్న ముందుకు-వెనక్కి స్విచ్చును డ్రైవ్‌కూ మోటారుకూ మధ్య అలాగే ఉంచేయడం మొదటిది. మోటారు తిరుగుతుండగా ఆ స్విచ్చును విప్పితే, లేదా తిప్పితే, డ్రైవ్‌లోని ట్రాన్సిస్టర్లు పోవచ్చు. డ్రైవ్ నుంచి మోటారుకు వైరు నేరుగా వెళ్లాలి. పాత స్విచ్చును పారేయనక్కరలేదు. దాన్ని డ్రైవ్ కంట్రోల్ టెర్మినళ్లకు కలిపితే లేత్ నడిపే చేతికి అలవాటైన మీట అలవాటైన చోటే ఉంటుంది. పాత స్టార్టరును కూడా మధ్యలోంచి తీసేయాలి.

కాని స్టార్టరు తీసేసినప్పుడు దానితోపాటు ఒక రక్షణ కూడా పోతుంది. మామూలు స్టార్టరులో కరెంటు పోతే కాయిలు వదిలేస్తుంది. కరెంటు తిరిగి వచ్చినా పచ్చ బటను నొక్కేదాకా మోటారు తిరగదు. డ్రైవ్‌కు మామూలు ఆన్-ఆఫ్ స్విచ్చు పెట్టుకుని, ఆటో రీస్టార్ట్ కూడా పనిచేసేలా వదిలేస్తే, కరెంటు పోయినప్పుడు చక్‌లో (పనిముక్కను పట్టి తిప్పే భాగం) చేయి పెట్టి పనిముక్క సరిచేస్తున్న మనిషి మీద, కరెంటు రాగానే యంత్రం తిరగబడుతుంది. ఎండాకాలంలో కోతలు అలవాటైన ఊళ్లలో ఇది ఊహ కాదు. అందుచేత ఒక పచ్చ బటను, ఒక ఎర్ర బటను ఉండే మూడు వైర్ల కంట్రోల్ కట్టించుకోవాలి, ఆటో రీస్టార్ట్‌ను సెట్టింగులో మూసేయాలి. పుట్టగొడుగు తలలాంటి ఎమర్జెన్సీ బటను టెయిల్‌స్టాక్ (చక్‌కు ఎదురుగా ఉండే భాగం) వైపునుంచి కూడా అందేలా ఉండాలి.

రెండో పెద్ద అపోహ వేగానికి సంబంధించింది. ఫ్రీక్వెన్సీ తగ్గిస్తే వేగం తగ్గుతుంది గాని బలం పెరగదు. బెల్టు పుల్లీ మార్చినా, వేగం తగ్గించే బ్యాక్ గేర్ వేసినా వేగం తగ్గిన మేరకు తిప్పే బలం పెరుగుతుంది. డ్రైవ్ నాబు తిప్పితే ఆ లాభం రాదు. 15 హెర్ట్జ్ దగ్గర 2 హార్స్‌పవర్ మోటారు నుంచి వచ్చేది 0.6 హార్స్‌పవరే. పైగా మోటారు ఫ్యాను దాని ఇరుసుమీదే ఉంటుంది కాబట్టి 20 హెర్ట్జ్ కన్నా తగ్గించి ఎక్కువసేపు లోడు పెడితే అది వేడెక్కుతుంది. గేర్ హెడ్ లేత్‌లో గేర్లను తడిపే నూనె పైకి చిమ్మడం కూడా తగ్గుతుంది. డ్రైవ్ పెట్టినవారు బెల్టు మార్చడం మానేస్తారు, పెద్ద వ్యాసమున్న ముక్కను నాబుతోనే నెమ్మదిగా తిప్పుతారు, ఆ తరువాత యంత్రానికి సత్తువ లేదంటారు. 20 నుంచి 70 హెర్ట్జ్ మధ్య నాబు, అంతకు మించిన మార్పుకు బెల్టు అని పెట్టుకుంటే ఏ చిక్కూ ఉండదు.

మూడోది చక్ గురించి. బటాలా, లూధియానా, రాజ్‌కోట్‌ల నుంచి వచ్చిన చవక లేత్‌లలో చాలావాటికి చక్ స్పిండిల్ (లేత్‌లో తిరిగే ఇరుసు) మీద మరలతోనే బిగిసి ఉంటుంది. అలాంటి యంత్రాన్ని వెనక్కి తిప్పుతూ కోసినా, ముందుకు తిరుగుతుండగా ఒక్కసారిగా ఆపినా చక్ వదులై ఊడి రావచ్చు. పదుల కిలోల ఇనుము తిరుగుతూ బెడ్డు మీద పడటం ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఆగే సమయాన్ని డ్రైవ్‌లో 5 సెకన్లకు తగ్గకుండా పెట్టండి, లేదా దానంతటదే ఆగేలా వదిలేయండి. బరువైన చక్ ఉన్నప్పుడు తొందరగా ఆపాలని చూస్తే డ్రైవ్ ఓవర్ వోల్టేజీ అని ట్రిప్ అవుతుంది. అది లోపం కాదు. తిరిగే చక్‌లోని శక్తి వెనక్కి వచ్చి పడటానికి చోటు లేదన్నమాట. నిజంగా త్వరగా ఆపవలసిన పని ఉంటేనే ఆ శక్తిని వేడిగా మార్చే బ్రేకింగ్ రెసిస్టర్ పెట్టాలి, అదీ చక్‌ను మరలతో కాక పిన్నులతో బిగించే క్యామ్‌లాక్ స్పిండిల్ ఉన్న లేత్‌కే.

ఇంట్లో ఆర్‌సీసీబీ (ఎర్త్‌కు కరెంటు కారితే లైను తెంచే స్విచ్చు) ఉంటే డ్రైవ్ ఆన్ చేయగానే అది పడిపోవడం సాధారణం. డ్రైవ్‌లోని ఫిల్టరు గుండా ఎర్త్‌కు కొంత కరెంటు కారుతూనే ఉంటుంది. దానికి మందు ఆర్‌సీసీబీని తీసేయడం కాదు. డ్రైవ్‌కు విడి సర్క్యూటు ఇచ్చి, తయారీదారు మాన్యువల్‌లో చెప్పిన రకం ఆర్‌సీసీబీని దానికి పెట్టించాలి. ఇళ్లలో మామూలుగా ఉండే ఏసీ రకం, డ్రైవ్ వల్ల వచ్చే లీకేజీని సరిగా పట్టుకోలేదు కూడా.

డ్రైవ్‌ను ఎక్కడ బిగించాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. లేత్ వెనక, కూలెంట్ చిమ్మేచోట, గ్రైండరు పక్కన పెడితే ఇనుప రజను ఫ్యానుగుండా లోపలికి వెళ్లి ఏదో ఒకరోజు దాని పని ముగిస్తుంది. గాలి ఆడే పెట్టెలో గోడకు ఎత్తుగా పెట్టించండి. లోపల చేయి పెట్టవలసి వస్తే మెయిన్ ఆపి కనీసం పది నిమిషాలు ఆగండి. కెపాసిటర్లలో కరెంటు అప్పటిదాకా నిలిచి ఉంటుంది.

మోటారు 3 హార్స్‌పవర్ డెల్టా అయితే దారి ఇరుకవుతుంది. 230 లోపలికి తీసుకొని 415 బయటికి ఇచ్చే డ్రైవ్‌లు దొరుకుతాయి గాని ఎంపిక తక్కువ. స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి త్రీ ఫేజ్ డ్రైవ్‌కు సింగిల్ ఫేజ్ ఇవ్వాలంటే డ్రైవ్‌ను దాదాపు రెట్టింపు సైజులో కొనవలసి వస్తుంది, ఒక ఫేజ్ లేదంటూ డ్రైవ్‌ను ఆపే ఫేజ్ లాస్ ట్రిప్‌ను మూయగలమా లేదా ముందే చూసుకోవాలి. మోటారును 240 వోల్టుల డెల్టాకు కొత్తగా చుట్టించుకోవడం చాలాసార్లు ఈ రెండింటికన్నా తేలిక.

## సింగిల్ ఫేజ్ మోటారుకు మారడం

ఇది అందరికీ అర్థమయ్యే దారి. మోటారు తీసి మోటారు పెట్టడం, ప్లగ్గు గుచ్చడం, అంతే. ఏ ఊరి మెకానిక్ అయినా బాగుచేయగలడు. డ్రిల్లింగ్ మిషన్, పవర్ హాక్సా, బెంచి గ్రైండర్, ఎయిర్ కంప్రెసర్ లాంటివాటికి ఇంతకన్నా మంచి మార్గం వెతకనక్కరలేదు.

లేత్ విషయంలో మాత్రం దీనికి మూడు పరిమితులున్నాయి. కెపాసిటర్ స్టార్ట్ మోటారులో సెంట్రిఫ్యుగల్ స్విచ్చు మోటారు వేగమందుకోగానే స్టార్టింగ్ వైండింగును విడదీస్తుంది. అందువల్ల తిరుగుతున్న మోటారుకు రివర్స్ స్విచ్చు వేసినా అది అదే వైపు తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా ఆగాకే వెనక్కి తిప్పగలం. మరలు కోసేటప్పుడు టూలును వెనక్కి లాగి స్పిండిల్‌ను రివర్స్ చేయడం అలవాటున్నవారికి ఇది ఒకటి రెండు పనిముక్కలు పాడయ్యాక గాని తెలియదు. మాటిమాటికీ ఆపి మొదలుపెడితే ఆ స్విచ్చు, కెపాసిటరు త్వరగా పోతాయి. మూడోది, సింగిల్ ఫేజ్ మోటారు బలం సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంటుంది. సన్నటి ఫినిషింగ్ కోతలో ఆ కంపనం కొన్నిసార్లు ముక్క మీద గీతలుగా కనిపిస్తుంది. టూలు పదును చూసుకుంటూ, బేరింగులను అనుమానిస్తూ కాలం గడిపేవారు ఒకసారి మోటారును కూడా అనుమానించాలి.

కొనేటప్పుడు చుట్ల సంఖ్య తప్పకుండా చూడాలి. పాత మోటారు 1440 అయి, దుకాణంలో చవకగా దొరికిందని 2880 మోటారు బిగిస్తే చక్ వేగం ప్రతి పుల్లీ మీదా రెట్టింపవుతుంది. పోత ఇనుము చక్‌కు ఒక గరిష్ఠ వేగం ఉంటుంది, దాన్ని దాటితే పగిలి ఎగురుతుంది. ఫ్రేము సైజు కూడా చూడాలి. 90 ఫ్రేము మోటారు ఇరుసు మోటారు పాదాల అడుగు నుంచి 90 మి.మీ. ఎత్తులో 24 మి.మీ. మందంతో ఉంటుంది, 100 ఫ్రేముకు ఎత్తు 100 మి.మీ., ఇరుసు 28 మి.మీ. అదే హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు కొన్నిసార్లు ఒక ఫ్రేము పెద్దదిగా వస్తుంది. అప్పుడు పాత పుల్లీ ఎక్కదు, బోల్టు రంధ్రాలు కలవవు, మోటారు ప్లేటు కొత్తగా చేయవలసి వస్తుంది. ఆ ప్లేటు చేయడానికి లేత్ కావాలి, లేత్ ఏమో మోటారు లేక ఆగి ఉంటుంది!

మోటారు మొదలవుతూ మామూలుకన్నా అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఎంసీబీ (కరెంటు మించితే పడిపోయే స్విచ్చు) పడిపోతే చాలామంది 32 ఆంపియర్లది తెచ్చి పెడతారు, గోడలోని వైరు మాత్రం 1.5 చదరపు మి.మీ.దే ఉంటుంది. ఎంసీబీ కాపాడేది మోటారును కాదు, ఆ వైరును. ఆంపియర్లు పెంచకుండా సి లేదా డి రకం ఎంసీబీకి మారాలి, లేదా వైరే మార్చాలి.

## కెపాసిటర్ల డబ్బా

పల్లెల్లో కెపాసిటర్లు పెట్టి త్రీ ఫేజ్ పంపు మోటారును సింగిల్ ఫేజ్ మీద ఆడించడం కొత్త విద్య కాదు. లేత్‌కూ అదే పెడితే పోలా అని ఎవరో ఒకరు అంటారు. పంపుకు లోడు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కనుక కెపాసిటర్ విలువను దానికి సరిపెట్టవచ్చు. లేత్‌కు లోడు క్షణక్షణం మారుతుంది. ఒక కోతకు సరిపోయిన విలువ ఖాళీగా తిరిగేటప్పుడు సరిపోదు, మూడు వైండింగుల్లో కరెంటు సమానంగా ఉండదు, మోటారు వేడెక్కుతుంది. దక్కేది మూడింట రెండువంతుల బలం. యంత్రం బాగుందో లేదో కొనే ముందు ఒక్కసారి తిప్పి చూడటానికి తప్ప దీన్ని నేను సిఫారసు చేయను.

## రోటరీ కన్వర్టర్

ఒక పెద్ద త్రీ ఫేజ్ మోటారును సింగిల్ ఫేజ్ మీద ఖాళీగా తిప్పి, అది పుట్టించే మూడో ఫేజ్‌ను మిగతా యంత్రాలకు పంచడం దీని సూత్రం. అమెరికాలో ఇళ్ల గ్యారేజీలలో ఇది బాగా ప్రచారంలో ఉంది, దానికి తగిన కారణమూ ఉంది. అక్కడ ఇంటికి రెండు లైవ్ వైర్ల మధ్య 240 వోల్టులు వస్తాయి. అక్కడి మోటార్లు చాలావరకు తొమ్మిది వైర్లతో 230కి, 460కి రెండింటికీ కట్టుకునేలా వస్తాయి. కన్వర్టరు ఇచ్చే 240 నేరుగా సరిపోతుంది. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో గ్యారేజీలో రెండు మూడు యంత్రాలు పెట్టుకున్న తెలుగువారికి ఇది ఆలోచించదగిన దారే.

ఆ వీడియోలు చూసి ఇక్కడ కట్టుకోబోతే, వచ్చేది 240 వోల్టుల త్రీ ఫేజ్, కావలసింది 415. మోటారును డెల్టాకు మార్చలేకపోతే మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ చేరుతుంది, ఖర్చు పెరుగుతుంది, పనిలేనప్పుడు కూడా ఆ పెద్ద మోటారు హోరు వినిపిస్తూనే ఉంటుంది. పక్కింటి గోడ అయిదడుగుల దూరంలో ఉన్న కాలనీలో ఆ హోరుకు మొదట ఎవరు తలుపు తడతారో ఊహించవచ్చు. మన పరిస్థితుల్లో ఇది చివరి ఎంపిక.

## త్రీ ఫేజ్ కనెక్షన్ తీసుకోవడం

యంత్రాలు రెండు దాటినా, మోటారు 3 హార్స్‌పవర్ డెల్టా అయినా, పని సంపాదన కోసమైనా నేను ముందుగా చూడమనేది ఇదే. మోటారును ముట్టుకోనక్కరలేదు, పాత స్టార్టరు అలాగే పనిచేస్తుంది, కూలెంట్ పంపుకు వేరే ఏర్పాటు అక్కరలేదు. పాత హెచ్ఎంటీ లేత్, సికింద్రాబాద్‌లో తయారైన ప్రాగా సర్ఫేస్ గ్రైండర్ వంటి యంత్రాలు వేలంలో కొనేవారికి, లోపల రెండు మూడు మోటార్లు ఉండే ఆ యంత్రాలకు ఒక్కో డ్రైవ్ పెట్టుకుంటూ పోవడం కన్నా ఇదే నయం.

వీధిలో స్తంభం మీద త్రీ ఫేజ్ లైను ఉందో లేదో ముందుగా లైన్‌మన్‌ను అడగండి. లేకపోతే లైను లాగే ఖర్చు మీ మీద పడవచ్చు, దాంతో లెక్కంతా తలకిందులవుతుంది. ఉంటే డెవలప్‌మెంట్ చార్జీలు, సెక్యూరిటీ డిపాజిట్ కట్టి లోడు పెంచుకోవాలి. లోడు పెరిగితే నెలవారీ స్థిర చార్జీ కూడా పెరుగుతుంది, యంత్రం ఆడినా ఆడకపోయినా.

ఇంటి కేటగిరీ ఎల్‌టీ-1. సరదాకు చేసుకునే పనికి అది చాలు. బయటివారి పని తీసుకుని డబ్బు పుచ్చుకుంటే వాణిజ్య లేదా పరిశ్రమ కేటగిరీకి మారాలి. మారకుండా నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వినియోగంగా లెక్కకట్టి, వర్తించే టారిఫ్‌కు రెట్టింపు వసూలు చేయవచ్చు. బావి దగ్గరి వ్యవసాయ కనెక్షన్ నుంచి షెడ్డుకు వైరు లాగడం కూడా ఇదే కిందికి వస్తుంది. త్రీ ఫేజ్ ఎలాగూ ఉంది కదా అన్న ధైర్యం అక్కడ పనికిరాదు.

ఈ దారిలో ప్రమాదాలు వేరే రకానివి. మూడింటిలో ఒక ఫేజ్ పోతే తిరుగుతున్న మోటారు ఆగదు, మిగతా రెండింటి మీద మూలుగుతూ తిరిగి కాలిపోతుంది. సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ లేకుండా మోటారు నడపకూడదు. ట్రాన్స్‌ఫార్మరు మార్చినప్పుడో, లైను పని జరిగినప్పుడో రెండు ఫేజ్‌లు తారుమారైతే మోటారు ఉన్నట్టుండి వెనక్కి తిరుగుతుంది. మరల చక్ ఉన్న లేత్‌కు ఇది ఎంత ప్రమాదమో పైన చెప్పాను. ఫేజ్‌ల వరుసను కూడా చూసే రిలే తీసుకుంటే రెండు పనులూ ఒకటే చేస్తుంది. న్యూట్రల్ తెగితే ఇంట్లోని టీవీ, ఫ్రిజ్ వంటివాటికి 230కి మించిన వోల్టేజీ వెళ్లే అవకాశం ఉంది కనుక న్యూట్రల్ జాయింటు గట్టిగా ఉందో లేదో మీటరు బిగించిన రోజే చూపించుకోవాలి. ఇంట్లోని లైట్లు, ఏసీలు అన్నీ ఒకే ఫేజ్ మీద పడేలా వైరింగు వదిలేయడం కూడా మామూలుగా జరిగే పొరపాటే.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| చూడవలసినది | వి.ఎఫ్.డి. | సింగిల్ ఫేజ్ మోటారు | కెపాసిటర్ డబ్బా | రోటరీ కన్వర్టర్ | త్రీ ఫేజ్ కనెక్షన్ |
|---|---|---|---|---|---|
| 2 హెచ్.పి. లోపు స్టార్ మోటారు | చక్కగా సరిపోతుంది | పాత మోటారు పక్కన పెట్టాలి | అరకొర | డెల్టాకు మార్చాలి, లేదా ట్రాన్స్‌ఫార్మర్ | ఉన్నది ఉన్నట్టే |
| 3 హెచ్.పి. పైన డెల్టా మోటారు | కష్టం, తిరిగి చుట్టించాలి | ఇంటి లైనుకు భారం | వద్దు | ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు | ఉన్నది ఉన్నట్టే |
| వేగం మార్పు | నాబుతో | బెల్టుతోనే | బెల్టుతోనే | బెల్టుతోనే | బెల్టుతోనే |
| తిరుగుతుండగా రివర్స్ | డ్రైవే ఆపి తిప్పుతుంది | కుదరదు | నమ్మలేం | కుదురుతుంది | కుదురుతుంది |
| ఎన్ని యంత్రాలు | మోటారుకు ఒకటి | యంత్రానికి ఒకటి | ఒకటి | చాలా | చాలా |
| బాగుచేయడం | మార్చడమే ఎక్కువ | ఊళ్లోనే | తేలిక | ఓ మోస్తరు | స్టార్టరు వరకు ఊళ్లోనే |
| నెలవారీ భారం | లేదు | లేదు | లేదు | ఖాళీగా తిరిగే కరెంటు | స్థిర చార్జీ |

పట్టికలో లేని సంగతి ఒకటుంది. కూలెంట్ పంపు వంటి చిన్న మోటారును లేత్ మోటారుతోపాటు అదే డ్రైవ్‌కు కలపకూడదు. స్పిండిల్ వేగం తగ్గించగానే కూలెంటు కూడా తగ్గిపోతుంది. దానికి చిన్న సింగిల్ ఫేజ్ పంపు విడిగా కొనుక్కోవడం సులువు.

## ఎవరికి ఏది

అద్దె ఇంట్లో ఉంటూ ఆదివారాలు పనిచేసుకునేవారు, రెండేళ్లలో ఇల్లు మారవచ్చుననుకునేవారు డ్రైవ్ వైపు వెళ్లాలి. అది యంత్రంతోపాటు లారీ ఎక్కుతుంది, కనెక్షన్ మాత్రం ఇంటి యజమానికే మిగులుతుంది. ఎలక్ట్రానిక్స్ అంటే బెరుకు ఉండి, ఎక్కువగా బుష్షులు, పిన్నులు వంటి సాదా టర్నింగ్ మాత్రమే చేసుకునేవారికి 1440 చుట్ల సింగిల్ ఫేజ్ మోటారు మర్యాదగా పనిచేస్తుంది. మరలను డైతో కోసుకుంటే రివర్స్ లోటు కూడా కనిపించదు. మరలు, వార్మ్ గేర్లు వంటి పనుల మీద మోజున్నవారు మాత్రం అక్కడ ఆగిపోతారు.

సొంత ఇల్లు, సొంత షెడ్డు, ఇవాళ లేత్, రేపు మిల్లింగ్ అనుకునేవారు డ్రైవ్ కొనేముందే కరెంటాఫీసుకు వెళ్లి రావాలి. మొదటి యంత్రానికి డ్రైవ్, రెండోదానికి డ్రైవ్ అనుకుంటూ పోయి మూడోదానికి కనెక్షన్ తీసుకునేవారు రెండు ఖర్చులూ పెడతారు. అయితే త్రీ ఫేజ్ వచ్చాక కూడా ఒక డ్రైవ్ వృథా కాదు. లేత్ మీద వేగం మార్పు అలవాటైనవారు దాన్ని వదులుకోరు, కాని అప్పటికి 415 వోల్టుల డ్రైవ్ కావాలి, మోటారును తిరిగి స్టార్‌కు మార్చాలి.

పిల్లలు తిరిగే ఇంట్లో యంత్రం పెట్టేవారు తాళం పడే మెయిన్ స్విచ్చును ఖర్చు కింద లెక్కించకూడదు. అది ఏ దారి ఎంచుకున్నా మొదట బిగించవలసినదే.

## మొదటిసారి ఆన్ చేసే ముందు

ఎర్త్ లేకుండా ఏ దారీ లేదు. లేత్ ఒళ్లంతా ఇనుమే, దాని మీద చేయి ఆనించే పని చేస్తాం. మోటారు ఒంటికి, లేత్ బెడ్డుకు, డ్రైవ్ పెట్టెకు విడివిడిగా ఎర్త్ వైరు వెళ్లాలి. నీళ్ల పైపుకు చుట్టిన ఎర్త్ ప్లాస్టిక్ పైపుల కాలంలో ఎర్త్ కాదు. ఈ పనినీ, మీటరు బోర్డు పనినీ లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

యంత్రం నేల మీద నాలుగు మూలలా సమంగా ఆనాకే, బెడ్డు లెవెల్ చూసుకున్నాకే వైరింగు పొడవు కొలవాలి. లేకపోతే జరిపిన ప్రతిసారీ వైరు చాలకుండా వస్తుంది. తరువాత బెల్టు తీసేసి మోటారును ఒక్కదాన్నే తిప్పి చూడండి. త్రీ ఫేజ్ మోటారు, డ్రైవ్ మీద ఉన్న మోటారు వెనక్కి తిరుగుతుంటే మోటారుకు వెళ్లే మూడు వైర్లలో ఏ రెండింటినైనా అటూ ఇటూ మార్చాలి. డ్రైవ్‌కు లోపలికి వచ్చే ఫేజ్, న్యూట్రల్ మారిస్తే దిశ మారదు. సింగిల్ ఫేజ్ మోటారైతే స్టార్టింగ్ వైండింగు రెండు కొసలను మార్చాలి. దిశ సరిగ్గా ఉందని తేలాక బెల్టు ఎక్కించి, చక్‌లో ఏమీ పట్టకుండా, చక్ తాళం చెవి బయట ఉందని చూసుకుని, అతి తక్కువ వేగంతో అరగంట ఆడించండి. ఆ అరగంటలో మోటారు ఒంటి మీద చేయి ఆనించి ఉంచగలిగితే మోటారు అతిగా వేడెక్కడం లేదన్నట్టు. ఆనించలేనంత వేడెక్కితే ఆపేసి, స్టార్-డెల్టా పలకలను మళ్లీ విప్పి చూడండి.